శేషం లేని కొలత

ఇంటి నేలకు నాపరాళ్ళు పరిపించేవారికి ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. గది నడుమ బండలు చక్కగా అమరుతాయి. గోడల చెంతకు వచ్చేసరికి వాటిని ముక్కలుగా కోయవలసి వస్తుంది. కోయగా మిగిలినది చాలావరకు వ్యర్థమే. అయినా దానికీ ధర చెల్లించక తప్పదు. తాండూరు నుండి గాని బేతంచర్ల నుండి గాని బండలు తెప్పించుకొనక ముందే చిన్న లెక్క వేసుకొంటే ఈ నష్టాన్ని నివారించవచ్చు.

ఒక గది పొడవు 17 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 13 అడుగుల 9 అంగుళాలు అనుకొందాం. అడుగు భుజం గల చతురస్రపు బండలు పరిస్తే పొడవున 6 అంగుళాలు, వెడల్పున 9 అంగుళాలు మిగిలిపోతాయి. మిగులు లేకుండా రెండు వైపులా సరిపోయే బండ ఏది? ముందుగా రెండు కొలతలనూ అంగుళాలలోకి మార్చాలి. అవి 210, 165. ఈ రెండింటినీ నిశ్శేషంగా భాగించే సంఖ్యలలో మిక్కిలి పెద్దదానిని గరిష్ఠ సామాన్య భాజకం అంటారు.

దీనిని కనుగొనడానికి రెండు తాళ్ళు చాలు. ఒకటి గది పొడవుకు, మరొకటి వెడల్పుకు సమానంగా ఉండాలి. పొడవైన తాడును పొట్టి తాడుతో కొలిస్తే 45 అంగుళాలు మిగులుతుంది. రెండు గోడలకూ సరిపోయే బండ ఏదైనా ఈ మిగిలిన పొడవుకు కూడా సరిపోయి తీరాలి. ఈ పద్ధతిలోని కీలకమంతా ఇదే. ఇక 45తో 165ను కొలిస్తే శేషం 30. 30తో 45ను కొలిస్తే 15. 15తో 30ను కొలిస్తే శేషం సున్న. కనుక బండ భుజం 15 అంగుళాలు. పొడవున 14, వెడల్పున 11 వరుసలు. మొత్తం 154 బండలు.

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ‘ఎలిమెంట్స్’ ఏడవ భాగంలో ఈ పద్ధతిని వివరించాడు. క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లోని కుట్టక గణితానికి కూడా ఈ పరస్పర భాగహారమే ఆధారం.

ఐదంగుళాల బండలు కూడా ఈ గదికి సరిపోతాయి. కాని అప్పుడు 1386 బండలు కావాలి. అతుకులు, కూలి పెరుగుతాయి. గరిష్ఠ భాజకాన్ని కోరడం ఇందుకే. బండల నడుమ సిమెంటుకై సందు వదిలేటట్లయితే ఆ మేరకు లెక్కను సవరించుకోవాలని వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఏ రెండు పొడవులకైనా ఇట్టి ఉమ్మడి కొలత ఉంటుందని భావించరాదు. చతురస్రాకారపు గదిలో ఒక తాడును గోడ వెంబడి, మరొక తాడును మూల నుండి ఎదుటి మూలకు పట్టి, ఊహలో ఎంత సూక్ష్మంగా కొలుస్తూ పోయినా ఏదో ఒక శేషం మిగులుతూనే ఉంటుంది.