గాజు పలకల మీద నిలిచిన కాలం

వార్షికోత్సవం రోజున వరండా మెట్ల మీద వరుసగా నిలబడి గ్రూపు ఫోటో దిగుతాం. పదేళ్ళ తర్వాత రేకు పెట్టె అడుగున ఆ ఫోటో దొరికితే వెనక వరుసలోని మిత్రుడి పేరు గుర్తు రాదు. ఇది మా పాత విద్యార్థులందరి అనుభవం. అందుకే ఈ సంచికలో అమెరికాకు చెందిన ఆలిస్ ఆస్టెన్ గురించి చెబుతున్నాం.

ఆమె 1866లో న్యూయార్క్ పక్కనున్న స్టాటెన్ ఐలాండ్‌లో పుట్టారు. తండ్రి వదిలి వెళ్ళడంతో తల్లితోపాటు తాతగారింట పెరిగారు. పదేళ్ళ వయసులో ఆ ఇంటి అల్లుడైన ఓడ కెప్టెన్ తెచ్చిన కెమెరా ఆమె చేతికందింది. కెమిస్ట్రీ ప్రొఫెసరైన మేనమామ ఫోటోలు కడగడం నేర్పారు.

అప్పట్లో వెండి లవణాల పూత పూసిన గాజు పలకల మీద ఫోటో తీసేవారు. మేడ మీది చిన్న గదే ఆమె డార్క్‌రూమ్. అక్కడ కుళాయి లేదు. పలకలను కిందికి తెచ్చి తోటలోని పంపు దగ్గర కడిగేవారు. ప్రతి పలక కవరు మీద తేదీ, సమయం, వెలుతురు వివరాలు రాసేవారు.

ఫోటోగ్రఫీ ఆమెకు జీవనోపాధి కాదు, ఇష్టం. 1890లలో న్యూయార్క్ వీధుల్లో పేపర్లు అమ్మే పిల్లలను, వీధులు ఊడ్చేవారిని, బూట్లు పాలిష్ చేసేవారిని ఫోటోలు తీశారు. ఓడల్లో వచ్చిన వలస జనాన్నీ తీశారు. 1900 తర్వాత, జీవితాంతం తోడున్న గెర్ట్రూడ్ టేట్‌తో వేసవుల్లో యూరప్ వెళ్ళి అక్కడా కెమెరా పట్టారు.

1929 షేర్ మార్కెట్ పతనంలో ఆస్తి పోయింది. 1945లో ఇల్లు పోయింది. 1950లో నిరుపేదల ఆశ్రమంలో చేరారు. పేదల ముఖాలను కెమెరాలో దాచిన మనిషి చివరికి తానే పేదరాలయ్యారు. అయితే గాజు పలకలను స్థానిక చరిత్ర సంఘం భద్రపరచింది. 1951లో అవి పత్రికల్లో వెలువడ్డాయి. వచ్చిన డబ్బుతో ఆమె ఆశ్రమం నుంచి బయటపడి నర్సింగ్ హోమ్‌కు మారారు. 1952లో కన్నుమూశారు. ఆమె పెరిగిన ఇల్లు నేడు మ్యూజియం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కవరు మీద ఆమె రాసిన నాలుగు ముక్కలే ఆ ఫోటోలను చరిత్రగా మార్చాయి. ఈ ఏటి గ్రూపు ఫోటో వెనక మీరూ పేర్లు, ఊళ్ళు, తేదీ రాయండి. వంట చేసే అమ్మనూ, వాచ్‌మన్ తాతనూ వరుసలో నిలబెట్టండి. వాళ్ళ పేర్లు మరవకండి.