'బ్యాటరీ' నవలలు – వెండితెర, బుల్లితెర

బ్యాటరీ అనగానే మనకు చేతిదీపమే స్ఫురిస్తుంది. బేస్‌బాల్ క్రీడలో మాత్రం బంతిని విసిరే పిచర్‌ను, దానిని అందుకొనే క్యాచర్‌ను కలిపి బ్యాటరీ అంటారు. జపాను రచయిత్రి అసానో అత్సుకో 1996లో ప్రారంభించి 2005లో ఆరవ సంపుటంతో ముగించిన బాలల నవలలకు ఈ పేరే ఉంచారు.

తకుమి అనే బాలుడు మాధ్యమిక పాఠశాలలో చేరబోతూ, కుటుంబంతో ఒకాయమా ప్రాంతపు కొండ పట్టణానికి వస్తాడు. అసామాన్యమైన పిచర్, అంతకు మించిన అహంభావి. జుట్టు కత్తిరించుకొమ్మని క్రీడోపాధ్యాయుడు ఆజ్ఞాపిస్తే, జుట్టుకూ బంతికీ సంబంధమేమిటని ఎదిరిస్తాడు. (మన విద్యార్థులకు ఈ ఘట్టం మిక్కిలి నచ్చునేమో!) అతని బంతిని పట్టగల సహచరుడు గో.

క్యాచర్ మన క్రికెట్‌లోని వికెట్ కీపరు వంటివాడే గాని, ఏ బంతి విసరాలో సైగతో సూచించే బాధ్యత కూడా అతనిదే. ఒక బలమైన జట్టుతో ఆడుతున్నప్పుడు గో తడబడతాడు. తకుమి బంతి వేగం తగ్గిస్తాడు. జాలితో విసిరిన ఆ బంతి గో మనసును గాయపరుస్తుంది. నవలలకు ప్రాణం ఇక్కడే ఉన్నది. ప్రతిభావంతుని పక్కన నిలవడం ఎంత కష్టమో రచయిత్రి ఎక్కడా ఉపదేశం లేకుండా చూపారు.

2007లో తకితా యోజిరో దీనిని చలనచిత్రంగా తీశారు. అందులో రోగిష్టి తమ్ముడు, తల్లి ప్రముఖంగా కనిపిస్తారు. కుటుంబగాథగా అది హృద్యమే. 2008లో జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. ధారావాహికగా, 2016లో మరొకరు పదకొండు భాగాల యానిమేషన్‌గా అందించారు. బంతి వేగాన్ని తెర చక్కగా చూపగలదు. గో మౌనాన్ని మాత్రం పుస్తకంలోనే చదవాలి.