గాజుకు పేరు, చిప్‌కు పని

ఏపీ ఫైబర్‌నెట్ తవ్వకాల ఖర్చు తప్పించుకోవడానికి కేబుళ్లను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. ఉయ్యూరు, దివిసీమ వైపు తుపాను గాలికి అలాంటి తీగ ఊగితే లోపలి కాంతి ధ్రువణం, అంటే తరంగం కంపించే దిశ, అటూఇటూ మారిపోతుంది. దూరం పెరిగేకొద్దీ పల్స్‌లు సాగి ఒకదానిమీద ఒకటి పడతాయి. సెకనుకు 100 గిగాబిట్లు మోసే దూరప్రాంత లింకుల్లో ఈ చిక్కుముడి విప్పేది ఫైబర్‌లోని గాజు కాదు (పేరంతా దానికే వస్తుంది), రిసీవర్‌లోని చిప్. రిసీవర్ వచ్చిన కాంతిని సొంత లేజరుతో కలిపి తీవ్రతతో పాటు దశనూ కొలిస్తే, ఆ అంకెల మీద చిప్ ఫిల్టర్లు నడిపి కలిసిపోయిన ధ్రువణాలను విడదీస్తుంది.

ఆ చిప్ కరెంటు బాగా తింటుంది కదా అంటారు. నిజమే, ఇంటి కనెక్షన్లో మామూలుగా ఇది ఉండదు, అక్కడ అవసరమూ లేదు. అయితే దారి మధ్యలో సరిదిద్దే ఫైబర్ చుట్టలు పెట్టే పాత పద్ధతి సాగుడును తగ్గించగలదే గాని, గాలికి మారే ధ్రువణాన్ని వెంటాడలేదు.