చెవిలో పుల్ల

చెవిపోటుతో వచ్చేవారిని నేను మొదట అడిగేది, "చెవిలో ఏం పెట్టి తిప్పారు?" అని. అగ్గిపుల్లో, పిన్నీసో, ఏదో ఒకటి బయటపడుతుంది. గుబిలి మురికి కాదండీ. తడి నుంచీ, క్రిముల నుంచీ కాపాడే మైనపు పూత. దాన్ని గోకేసి ఆపైన చెరువులో ఈదితే, నానిన చర్మం చిట్లి సూడోమోనాస్ వంటి సూక్ష్మజీవులు చేరతాయి. తమ్మె లాగితే ప్రాణం పోతున్నట్లుంటే, సాధారణంగా అది బయటి చెవి వాపే. వెల్లుల్లి నూనె కాచి పోయకండి. వైద్యుడు చెవి శుభ్రంచేసి ఇచ్చే చుక్కలమందు వారం పదిరోజులు వేయాలి. అన్నాళ్లూ నీరు తగలకూడదు. బూజు పట్టి దురదపెట్టే చెవికి మందు వేరు, పక్కింటివారి సీసా పనికిరాదు. మధుమేహమున్న పెద్దవారికి రాత్రిళ్లు నిద్రపట్టనంత పోటు ఉంటే మాత్రం ఆ రోజే చూపించండి. జబ్బు ఎముకదాకా పాకవచ్చు.