చిత్రకారుడు - సెల్‌ఫోను

చిత్రకళలో మానవాకృతికి కాలము చెల్లినదని ఇరువదవ శతాబ్దమున పలువురు తలచిరి. రేఖయు, వర్ణమును ఉన్న చాలునని, మనుష్యుని ముఖమును ఛాయాగ్రాహకునికి విడిచిపెట్టవచ్చునని వారి వాదము. కాని ముఖము వట్టి ఆకారము కాదు. ఒక కాలమునందలి మనుష్యుడు ఎట్లు బ్రదికెనో తెలుపు సాక్ష్యము. ఆ సాక్ష్యమును మరల చేపట్టిన నేటి చిత్రకారులలో సల్మాన్ తూర్ పేర్కొనదగినవాడు.

ఆయన 1983లో లాహోరున జన్మించెను. అమెరికాలో చిత్రకళ నభ్యసించి న్యూయార్కునందు స్థిరపడెను. ఐరోపా ప్రాచీనాచార్యుల కృతులను శ్రద్ధగా పరిశీలించినవాడు. అయినను ఆయన పటములయందు దేవతలు లేరు, రాజులు లేరు. ఇరుకు గదులలో నృత్యము చేయు మిత్రులు, పానశాలలయందు ఒంటరిగా నిలిచిన యువకులు, తనిఖీ అధికారుల యెదుట తమ సామాను విప్పి చూపు ప్రవాసులు - వీరే ఆయన నాయకులు. వీరిలో పెక్కురు దక్షిణాసియా నుండి వచ్చిన, సమలింగ ప్రేమగల యువకులు. వారి రాత్రులపై ఆయన ఒక చిత్రమైన ఆకుపచ్చని కాంతిని ప్రసరింపజేయును. ఆ చీకటిలో ఇంకొక చిన్న వెలుగు తరచు కానవచ్చును. అది సెల్‌ఫోను.

2019లో ఆయన రచించిన 'బెడ్‌రూమ్ బాయ్' అను పటమున, పరుపుపై శయనించిన యువకుడు ఫోను పైకెత్తి తన బొమ్మను తానే తీసికొనుచుండును. శయనించిన నగ్నాకృతి ఐరోపా చిత్రకళకు క్రొత్త కాదు. టిషియన్ వీనస్‌ను, మానే 1863లో ఒలింపియాను చిత్రించిరి. అందు చూచువాడు చిత్రకారుడు, చూడబడునది స్త్రీ. తూర్ పటమునందో, చూచువాడును చూడబడువాడును ఒక్కడే. కాని గదిలో లేని మూడవ వ్యక్తి ఒకడున్నాడు: ఆ బొమ్మ ఎవరిని చేరవలెనో వాడు.

లేని వ్యక్తిని గదిలోనికి తెచ్చుట చిత్రకారులకు పాత విద్యయే. రవివర్మ శకుంతల లేఖ వ్రాయుచున్నపుడు దుష్యంతుడు పటమున లేడు. కాని చిత్రమంతయు అతడే నిండియున్నాడు. డచ్చి చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1667లో రచించిన 'యజమానురాలు, దాసి' అను పటమున దాసి ఒక ఉత్తరము నందించుచుండును. యజమానురాలి వ్రేళ్లు గడ్డమును తాకును. ఉత్తరమునందేమున్నదో మన మెరుగము. ఎరుగనక్కరయు లేదు. దానివలన ఆ ముఖమునకు కలిగిన కలతయే చిత్రవిషయము. 2021లో న్యూయార్కునందలి ఫ్రిక్ సంస్థ, తూర్ రచించిన 'మ్యూజియమ్ బాయ్స్' అను పటమును వెర్మీర్ సరసన ప్రదర్శించినది. ఆ సాన్నిహిత్యము ఎంతయు ఉచితము.

అయినను ఉత్తరమునకును ఫోనునకును ఒక భేదము కలదు. ఉత్తరము ఒక్కరికే చేరును. సామాజిక మాధ్యమములందు ఉంచిన బొమ్మ ఎందరి కంటబడునో పంపినవానికే తెలియదు. ఇంటను, వీధిని తన మనసు దాచుకొనవలసిన యువకునికి ఆ చిన్న యంత్రము ఆశ్రయము, అదియే అపాయమును. తనను ప్రేమించువాని చూపును, తనను శిక్షింపగోరువాని చూపును ఒకే గవాక్షము గుండ వచ్చును. అందుచేతనే తెరపై మనము చూచు ముఖములు ముందుగనే దిద్దుకొన్న ముఖములు. పరుల మెప్పునకో, పరుల భయమునకో సిద్ధపడినవి.

ఆ ముఖమును ఫోను క్షణములో పట్టుకొనును. చిత్రకారునికి కావలసినది వేరు. తూర్ నమూనాలను ఎదుట కూర్చుండబెట్టుకొనక, జ్ఞాపకము నుండియు ఊహ నుండియు చిత్రించును. జ్ఞాపకము అలంకారమును నిలుపుకొనదు. అలసటను, ఆశను, సిగ్గును నిలుపుకొనును. బొమ్మను పంపి, బదులు రాకమునుపు, ఆ యువకుని ముఖమున ఏమి కదలునో దానిని ఏ యంత్రమును పంపజాలదు. దానికొరకు కుంచె పట్టువాడు నేటికిని కావలసియున్నాడు.