రాజకీయ చింతన చరిత్ర మన పిల్లలకేల?

రాజకీయ చింతన చరిత్రము చదివిన పిల్లవానికి ఏ యుద్యోగము దొరకునని తలిదండ్రులు కొందరు మమ్మడుగుచుందురు. ఇంటి ఖర్చు లెరిగినవారు అడుగదగిన ప్రశ్నయే. అయినను మన బడి యే భావముపై నిలిచియున్నదో ఒక్కింత విచారింతము.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు పాత బళ్లారి జిల్లా చీలెను. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమున చేరెను. బళ్లారి మైసూరు రాష్ట్రమున కలిసెను. ఉన్న యింటనే యుండి మన పెద్దలు అల్పసంఖ్యాకులైరి. ఆదవానిలోని కన్నడిగులకును అదే గతి పట్టెను.

తలలు లెక్కించి నిర్ణయించుటయే ప్రజాస్వామ్యమైనచో, ఎల్లప్పుడు తక్కువగా నుండువారి బడి యెట్లు నిలుచును? ఈ ప్రశ్న మనకంటె ముందు ఐరోపాలో పుట్టినది. 1933లో అల్బేనియా ప్రభుత్వము ప్రైవేటు పాఠశాలల నన్నింటిని రద్దుచేసెను. అక్కడి గ్రీకు భాషీయులు మొరపెట్టుకొనిరి. అందరి బడులను మూసితిమి గదా, ఇందు పక్షపాతమేమి యని ప్రభుత్వము వాదించెను. వినుటకు ఎంత న్యాయముగా నున్నదో చూడుడు! 1935లో అంతర్జాతీయ శాశ్వత న్యాయస్థానము ఆ వాదము నంగీకరింపలేదు. చట్టమున సమానత్వ మున్న చాలదు, ఆచరణమునను ఉండవలెను. తమ బడులు లేని అల్పసంఖ్యాకులకు అది యుండదని తెలిపెను.

మన పొరుగున హంపీలో రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి నెంతయో చెప్పెను. కాని అది రాజునకు చెప్పిన హితము. రాజు పాటింపకున్న ప్రజ చేయగలది స్వల్పము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు 30వ అధికరణమో, మతముచేగాని భాషచేగాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనుటను హక్కుగా చేసెను. దయ హక్కుగా మారిన ఈ దారిని తెలుపునదే మేము చెప్పు చరిత్రము.

ఆ హక్కు ఇప్పుడెవరి చేతనున్నది? 1956లో చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగు సౌకర్యములు కల్పింపుమని రాష్ట్రములకు చెప్పుచున్నది. అయినను మాతృభాషలోనే చదువవలెనని ప్రభుత్వము నిర్బంధింపరాదని 2014లో కర్ణాటక వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కాబట్టి తెలుగు తరగతిలో పిల్లలుందురో లేదో ప్రభుత్వము నిర్ణయింపదు. జూన్ మాసమున దరఖాస్తు నింపు తలిదండ్రులే నిర్ణయింతురు.