బలం పెరిగింది, మనిషి ఎదగలేదు

తెలుగు మాటలు నేర్చుకుని మన పిల్లల ఫోన్లలోకి వచ్చిన జపాన్ యానిమే సిరీస్‌లు చూడటానికి కళ్లు చాలవు. మరి కథలో, పాత్రల్లో ఎక్కడ తడబడుతున్నాయి?

‘నరుటో’ చూసిన ఏ పిల్లవాణ్నయినా అడగండి, కథానాయకుడైన నింజా కుర్రాడు నరుటోకి నెజితో జరిగిన పోరాటం గురించి చెప్తాడు. హ్యూగా వంశంలో పెద్దింటి శాఖ ఒకటి, దానికి ఊడిగం చేసే చిన్నింటి శాఖ ఒకటి. నెజి చిన్నింటివాడు. ఆ శాఖలో పుట్టిన ప్రతి బిడ్డ నుదుటి మీదా ఒక ముద్ర వేస్తారు. పెద్దింటివాళ్లు తలుచుకుంటే ఆ ముద్రతోనే ప్రాణం తీయగలరు. నెజి తండ్రి తన కవల అన్నకు బదులుగా చనిపోయాడు. అందుకే ఆ కుర్రాడు పుట్టుకతోనే రాత రాసి ఉంటుందనీ, ఎంత పెనుగులాడినా అది మారదనీ నమ్ముతాడు. ఎదురుగా నిలబడిన నరుటో అమ్మానాన్నలెవరో తెలియని అనాథ. బడిలో పరీక్ష మూడుసార్లు తప్పినవాడు. ఊరంతా వెలివేసినట్టు చూసినవాడు. అతనే గెలుస్తాడు. తాను ఊరికి పెద్ద అయ్యాక హ్యూగా వాళ్ల పద్ధతిని మారుస్తానని మాట కూడా ఇస్తాడు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఈ దృశ్యం చూస్తున్న పిల్లల గురించి ఆలోచిస్తే నాకు గుండె బరువెక్కుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు ఇక్కడి పల్లెలు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. మిరప కోతకు, పత్తి తీతకు. కొందరు పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు, కొందరు బడి వదిలి వెంట నడుస్తారు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టింది మగ్గాన్ని నమ్ముకున్న ఇళ్ల బతుకు మార్చాలనే. పుట్టిన ఇల్లు మనిషిని ఎంత దూరం పోనిస్తుందన్నది ఇక్కడ రోజూ ఎదురయ్యే ప్రశ్న. అలాంటి చోట ఒక బొమ్మల కథ వచ్చి, పుట్టుక కాదు కష్టమే నిన్ను నిలబెడుతుందని చెప్పింది. పిల్లలు దాన్ని మనసారా నమ్మారు.

ఆ తర్వాత ఆ కథే ఆ మాట తప్పింది. అనాథ అనుకున్న నరుటో ఊరిపెద్ద కొడుకని తేలింది. అదీ చాలనట్టు, చివరి యుద్ధానికి వచ్చేసరికి నింజాలందరికీ మూలపురుషుడైన మహర్షి కొడుకు మళ్లీ పుట్టిన రూపమే అతనన్నారు. చెమటోడ్చి పైకొచ్చిన తోటి నింజా కుర్రాడు రాక్ లీ పక్కకు జరిగిపోయాడు. నెజిని యుద్ధంలో చంపేశారు. నుదుటి ముద్ర పద్ధతి ఏమైందో కథ ముగిసేదాకా తేటగా చెప్పనే లేదు. మసాషి కిషిమోతో 1999 నుంచి 2014 దాకా 700 అధ్యాయాలు రాశాడు. అన్ని పేజీల్లో ఆ ఒక్క మాటకు చోటు దొరకలేదు.

జన్మరహస్యం బయటపడటమే తప్పని నేననను. మన కర్ణుడిది కూడా జన్మరహస్యమే. రంగస్థలం మీద కులమేదని అడిగి తలదించుకునేలా చేసిన సభ, అంగరాజ్యం ఇచ్చి ఆదుకున్న దుర్యోధనుడు, ఇవన్నీ అయ్యాక, రాయబారం విఫలమై తిరిగి వెళ్తున్న కృష్ణుడు అతన్ని రథమెక్కించుకుని నువ్వు కుంతి కొడుకువని చెప్తాడు. ఆ మాటతో కర్ణుడికి దారి సులువు కాలేదు, నరకమైంది. ఒప్పుకుంటే రాజ్యం తనదే, ఒప్పుకుంటే స్నేహితుడికి ద్రోహం. అతను రాజ్యాన్ని కాదన్నాడు. ఎదుట ఉన్నది తమ్ముళ్లని తెలిసీ విల్లెత్తాడు. గొప్ప పుట్టుక అని తెలిశాక కర్ణుడు పోగొట్టుకున్నదే ఎక్కువ. నరుటోకి మాత్రం కొత్త శక్తులు వచ్చిపడ్డాయి. రహస్యం తెలిశాక పాత్ర తేల్చుకోవాల్సిన కష్టమైన ఎంపిక ఏదీ రాయలేదు. రచన బలహీనమంటే నా ఉద్దేశం ఇదీ. బలం పెరగడాన్ని మనిషి ఎదగడంగా చూపించి సరిపెట్టుకోవడం.

మన దగ్గరికి ఈ కథలు వచ్చిన దారి అందరికీ తెలిసిందే. ముందు టీవీలో డోరేమాన్, షించాన్ తెలుగు మాట్లాడాయి. తర్వాత సోనీ యాయ్ ఛానెల్‌లో నరుటో వచ్చాడు. ఆ పైన స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్ తెలుగు డబ్బింగ్ మొదలుపెట్టింది. 2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగులో కూడా థియేటర్లలో విడుదలైంది. చూసేవాళ్లు పెరిగారు కాబట్టి చూసినదాన్ని తూకం వేసే మాటలు కూడా పెరగాలి. ఫైట్ బాగుంది, బీజీఎం అదిరింది అన్న రెండు ముక్కలతో ఆగిపోవడం ఆ కథలకే అన్యాయం.

‘సోలో లెవెలింగ్’నే తీసుకుందాం. చుగాంగ్ రాసిన కొరియా నవల దీనికి మూలం. ఏ-1 పిక్చర్స్ చేసిన సిరీస్ 2024 జనవరిలో మొదలైంది. 2025లో క్రంచీరోల్ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ యానిమేగా నిలిచింది. మొదటి ఎపిసోడ్లలో కథానాయకుడు సుంగ్ జిన్‌వూ రాక్షస జీవుల్ని చంపే వేటగాళ్లలో అందరికంటే అడుగున ఉన్నవాడు. తల్లి ఆసుపత్రిలో లేవని నిద్రలో ఉంది, చెల్లెలి చదువు ఉంది, చేతిలో డబ్బు లేదు. రాతి విగ్రహాలున్న గుహలో తోటివాళ్లు వదిలేసి పోతే రక్తం మడుగులో ఒంటరిగా మిగులుతాడు. ఆ భయం నిజమైనది. అంత బాగా రాసిన ఆరంభం ఈ మధ్య అరుదు.

ఇక ఆ రోజు నుంచి అతనికి వీడియో గేమ్ లాంటి ఒక వ్యవస్థ పనులు అప్పగిస్తుంది, చేసినకొద్దీ అంకెలు పెరుగుతాయి. ఒళ్లు మారుతుంది, ముఖం మారుతుంది, మాట తగ్గుతుంది. భయం ఎటు పోయిందో తెలియదు. ఓడిన శత్రువు లేచి అతని నీడ సైనికుడవుతాడు. చూడ్డానికి ఎంత గొప్పగా ఉన్నా కథకు ఇదే పెద్ద దెబ్బ, ఎందుకంటే ఆ సైనికుల్లో ఎదురు చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. ఇగ్రిస్ అంత గర్వంగా పోరాడిన యోధుడు కూడా మోకరిల్లి ఊరుకుంటాడు. జెజు ద్వీపంలో చీమల రాజు మీద యుద్ధం చూడండి. దేశంలోని మహామహులంతా చావుకు దగ్గరయ్యేది అతను వచ్చి గెలవడానికే. చా హే-ఇన్ దేశంలోనే పేరున్న వేటగత్తె. ఆమె అతని వైపు మళ్లడానికి చెప్పిన కారణం మిగతా వేటగాళ్ల దగ్గర వచ్చే చెడు వాసన అతని దగ్గర రాకపోవడం! ఒక పాత్రను ఇంత తక్కువ చేసి రాస్తే చూసేవాళ్లకు కోపం రావాలి. రెండో సీజన్లో తల్లి కళ్లు తెరిచినప్పుడు మాత్రం జిన్‌వూ కాసేపు మళ్లీ కొడుకవుతాడు, ఏడుస్తాడు. ఈ సిరీస్‌కు మనుషుల్ని రాయడం చేతకాక కాదని ఆ ఒక్క సన్నివేశం చెప్తుంది.

ఆడపాత్రల విషయానికొస్తే నరుటో కూడా తక్కువేం తినలేదు. నరుటో జట్టులోని సకురా, ముసలి చియోతో కలిసి శత్రువు ససోరిని ఓడించిన పోరాటం చాలా బాగుంటుంది. ఆ తర్వాత ఆమె ఎక్కువగా గాయాలకు కట్లు కడుతూ, జట్టు వదిలి వెళ్లిన ససుకే కోసం కన్నీళ్లు పెడుతూ మిగిలిపోయింది. ఈ సిరీస్‌లు ఆడపిల్లలు కూడా చూస్తున్నారు.

‘డీమన్ స్లేయర్’ సంగతి వేరు. దాని మీద నాకు గౌరవముంది. రాక్షసుల్ని వేటాడే కథానాయకుడు తాంజిరో మొదటి రోజు ఎంత దయగలవాడో చివరి రోజూ అంతే. పాత్ర మారడం లేదని చాలామంది దీన్నే లోపమంటారు. నేనొప్పుకోను. హరిశ్చంద్రుడు కూడా మారడు. అబద్ధమాడనన్న మాట మీద నాటకమంతా నిలబడతాడు. అయితే రంగం రంగానికీ ఆ సత్యానికి ధర పెరుగుతూ పోతుంది. రాజ్యం పోయింది, ఆలిని అమ్మాడు, కాటికాపరి అయ్యాడు, చివరికి కన్నకొడుకు శవానికి కాటిసుంకం అడగాల్సి వచ్చింది. కదలని పాత్ర చుట్టూ లోకం బిగుసుకుంటూ రావాలి. తాంజిరో దయకు అలాంటి ధర పడదు. రాక్షసుల మీద అతను జాలిపడేది చాలాసార్లు మెడ తెగిన తర్వాతే. సాలెగూడు కొండమీద రుయి అనే రాక్షసుడి కథ మనకు తెలిసేది అతను బూడిదవుతున్నప్పుడు. గ్యుతారో, దాకి అనే రాక్షస అన్నాచెల్లెళ్ల పేదరికం తెలిసేదీ అప్పుడే. కన్నీళ్లు వస్తాయి, కానీ ఆ కన్నీళ్లతో కథలో ఏదీ మారదు.

‘ఇన్ఫినిటీ కాజిల్’లో అకాజా అనే రాక్షసుడి ఘట్టం దీనికి మినహాయింపు. 155 నిమిషాల సినిమాలో అంతసేపు వెనక్కి పోతారేమిటని విసుక్కున్నవాళ్లున్నారు. నా లెక్కలో ఈ సిరీస్ మొత్తంలో బాగా రాసిన భాగం అదే. తల తెగినా అకాజా ఆగడు, మళ్లీ పోరాటానికి సిద్ధమవుతాడు. సరిగ్గా అప్పుడే పాత జ్ఞాపకం మేలుకుంటుంది. జబ్బుపడిన తండ్రి కోసం దొంగతనం చేసిన పిల్లవాడు, ఆదరించిన గురువు, పెళ్లాడవలసిన కొయుకి. ఆ జ్ఞాపకంతో అతను పోరాటం ఆపి తన మీద తానే చేయెత్తుకుంటాడు. గతం చెప్పడం వల్ల వర్తమానంలో ఒక నిర్ణయం జరిగింది. మిగతా రాక్షసుల కథలకు లేనిది ఇదే.

ఇంత ప్రతిభ ఉన్నవాళ్లు ఇలా ఎందుకు రాస్తారు? కారణం చాలావరకు పని జరిగే తీరులో ఉంది. ‘షోనెన్ జంప్’ లాంటి వారపత్రికలో బొమ్మల కథ రాసేవాడు వారానికి దాదాపు 20 పేజీలు గీయాలి. పాఠకులు పంపే అభిప్రాయ కార్డులతో ర్యాంకులు తేలుస్తారు. కింద పడిన కథను ఆపేస్తారు, పైన నిలిచినదాన్ని సాగదీస్తారు. ఈ వారం ఉర్రూతలూగించకపోతే వచ్చే వారం ఉండదన్న భయంలో, మూడేళ్ల కింద నెజికి ఇచ్చిన మాట గుర్తుంచుకోవడం కష్టం. ఆ పత్రిక ఆదర్శంగా చెప్పుకునేది స్నేహం, శ్రమ, గెలుపు. ర్యాంకుల పోటీలో గెలుపు ముందుకు తోసుకొస్తుంది. టీవీ సిరీస్ మూలకథను తరిమి పట్టుకున్నప్పుడు మధ్యలో సొంత ఎపిసోడ్లు అతికిస్తారు. మొదటి ‘నరుటో’లో 136వ ఎపిసోడ్ నుంచి 220 దాకా దాదాపు అంతా అలా అతికించినదే. అన్ని వారాలు ఏ పాత్రా మారకూడదు, ఎందుకంటే అసలు కథ మళ్లీ మొదలైనప్పుడు అందరూ పాత చోటే ఉండాలి.

ఒత్తిడి ఉన్నా బాగా రాసినవాళ్లు ఉన్నారు. హిరోము అరకావా ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ను 2001 నుంచి 2010 దాకా నెలనెలా రాసింది, వారం వారం కాదు. ఆ తేడా కథలో కనిపిస్తుంది. చనిపోయిన తల్లిని బతికించబోయి ఒళ్లు పోగొట్టుకున్న అన్నదమ్ముల కథ అది. చివర్లో అన్న ఎడ్వర్డ్ తమ్ముణ్ని తెచ్చుకోవడానికి తన రసవిద్యనే వదులుకుంటాడు. ఆ కథతో తీసిన 64 ఎపిసోడ్ల ‘బ్రదర్‌హుడ్’ సిరీస్‌లో కథానాయకుడి ఎదుగుదల బలం పోగొట్టుకోవడంలో ఉంది. స్నేహితుణ్ని చంపినవాణ్ని కాల్చి బూడిద చేయబోతున్న సైనికాధికారి ముస్టాంగ్‌ను అతని సహచరి రిజా, ఎడ్వర్డ్, ఒకప్పుడు పగతో రగిలిన స్కార్ ముగ్గురూ అడ్డుకునే సన్నివేశం కూడా చూడండి. ఆ కోపం న్యాయమైనదే అయినా, దానికి లొంగితే నువ్వు నువ్వుగా మిగలవని చెప్పే మనుషులు చుట్టూ ఉన్నారు. జిన్‌వూ చుట్టూ లేనిది వాళ్లే.

పిల్లల బొమ్మల కథకు ఇంత విమర్శ అవసరమా అని అడిగేవాళ్లకు ఈ నేల చరిత్రే జవాబు. 1953 అక్టోబర్ 1 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. ఆ బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభతో, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభతో తెలుగు నాటకానికి ప్రాణం పోశారు. ధర్మవరం మేనల్లుడే నటుడు బళ్లారి రాఘవ. పద్యాన్ని రాగాలతో సాగదీస్తే చప్పట్లు కురిసే రోజుల్లో రాఘవ ఆ చప్పట్లను కాదనుకున్నాడు. తాను వేసే పాత్ర హిరణ్యకశిపుడైనా పఠాన్ రుస్తుం అయినా ఆ మనిషి మనసులో ఏం జరుగుతోందన్నదే తనకు ముఖ్యమన్నాడు. ఇవాళ్టి యానిమేలో కత్తి దూస్తే అలలు లేచే ఆ పోరాట దృశ్యాలు నాటి రాగాలాపన లాంటివే. అవి ఉండాలి, ఆనందించాలి కూడా. అవి ముగిశాక పాత్ర ఎక్కడికి చేరిందని అడిగే అలవాటు ఇక్కడి ప్రేక్షకులకు కొత్త కాదు. ‘కురుక్షేత్రం’ ఆడిన ఊళ్లలో కర్ణుడిది తప్పా, దుర్యోధనుడిది తప్పా అని తెల్లారాక కూడా వాదించుకున్నవాళ్లే కదా.

‘ఇన్ఫినిటీ కాజిల్’ మూడు సినిమాల్లో మొదటిది మాత్రమే. ముగింపు ముందే తెలుసుకోకూడదనుకునేవాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు. మూలకథ చివర్లో తాంజిరోనే రాక్షసుడవుతాడు. అంతకాలం జాలి చూపినవాడికి జాలి అవసరమైన ఘడియ అది. రాక్షసిగా మారిన అతని చెల్లెలు నెజుకోను మొదటి అధ్యాయంలో చంపబోయి ఆగిన తోటి వేటగాడు గియూ, ఇప్పుడు తాంజిరోను చంపమని చెప్పాల్సి వస్తుంది. అంత బరువైన ఘట్టాన్ని కొయోహారు గొతోగే రెండు మూడు అధ్యాయాల్లోనే ముగించేసింది. సినిమా తీసేవాళ్లకు ఆ తొందర లేదు. మెడ తెగకముందే జాలికి ధర చెల్లించాల్సిన చోటు ఈ కథలో ఒక్కటే ఉంది. గియూ కత్తి ఎత్తి తటపటాయించే ఆ కాసేపటికి, ఏ పోరాటానికీ తగ్గకుండా నిమిషాలు కేటాయించాలి.